చాబీ తిప్పడానికి ఇద్దరు

నా చిన్నప్పుడు మా అమీర్‌పేట సందు నిండా మనుషులే, కానీ ఎవరూ మిగిలేవాళ్లు కాదు. కంప్యూటర్ కోర్సుల కోసం ఊళ్లనుంచి వచ్చేవారు, కోర్సు అవగానే పెట్టె సర్దుకునేవారు. మా అమ్మ నడిపే ఆడపిల్లల హాస్టల్లో నన్ను ముద్దు చేసిన అక్కలందరూ అలా వెళ్లిపోయినవాళ్లే. కొన్నాళ్లకి నేను పేర్లు అడగడం మానేశాను. జావా అక్క, టెస్టింగ్ అక్క, మెయిన్‌ఫ్రేమ్ అక్క అని పిలిచేవాణ్ణి. ఒక జావా అక్క వెళ్తే అదే మంచం మీదకి ఇంకో జావా అక్క వస్తుంది, నాకేం నష్టం అని అందర్నీ నవ్వించేవాణ్ణి. నవ్వించడం నాకు బాగా వచ్చు. బడిలో నాకు వచ్చింది కూడా అదొక్కటే, అందుకే బడీ నన్ను ఎక్కువకాలం ఉంచుకోలేదు.

మా ఇంటి ఓనరు కింది వాటాలో ఒక్కరే ఉండేవారు. నేను చాచా అనేవాణ్ణి. ఇంటి పక్క ఖాళీ జాగాలో, టార్పాలిన్ కింద ఆయన ఎర్ర స్పోర్ట్స్ కారు ఉండేది. వయసులో ఉన్నప్పుడు ముచ్చటపడి కొన్నదట. నేలకి అంటుకుపోయినట్టుండే ఆ కారు ఎక్కడం కాదు, అందులోకి దిగాలి. పైకప్పు గొడుగులా మడిచెయ్యొచ్చు. ఉన్నవి రెండే సీట్లు. ఆయన భార్య, మా చాచీ, పోయాక రెండో సీట్లో దుమ్మే కూర్చునేది.

ఆ కారుకి ఒక జబ్బు. చాబీ దూరేది, తిరిగేది కాదు. చాచా తాళంలో కొబ్బరినూనె పోస్తుంటే, "జడ కూడా వెయ్యండి చాచా" అన్నాను. ఎవరో చెప్పారని నా పెన్సిలు ముల్లు నూరి ఆ పొడి చాబీకి రాశారు. చాబీ నల్లబడింది, నా హోంవర్కు తప్పింది, బండి మాత్రం ఉలకలేదు. గుత్తి బరువుకి అరిగిందేమోనని బీరువా తాళాలన్నీ అందులోంచి విప్పేశారు. అదీ కాదు. ఒకరోజు నేను రెండో సీట్లో కూర్చుని, ఏమీ తోచక, సిటీ బస్సు డ్రైవర్‌లా స్టీరింగ్ పట్టుకుని ఊపుతుంటే, ఆయన చేతిలో చాబీ టక్కున తిరిగింది.

"అరే బేటా! నువ్వు ఊపాలె, నేను తిప్పాలె. ఇది ఒక్కని పని కాదురా!"

ఆ రోజు నుంచి సాయంత్రం అయ్యేసరికి కిందనుంచి పిలుపు వచ్చేది. నేను ఊపేవాణ్ణి, ఆయన తిప్పేవారు. పంజాగుట్ట చౌరస్తా దాటి, ఎర్రమంజిల్ వైపు ఓ చుట్టు తిరిగి వచ్చేవాళ్లం. దారిలో పెద్దగా మాట్లాడుకునేవాళ్లమూ కాదు. కానీ నేను లేకపోతే ఆగిపోయే పని ఈ లోకంలో అదొక్కటే ఉండేది. రాత్రి పడుకునేటప్పుడు ఆ మాట తల్చుకుంటే హాయిగా ఉండేది.

అప్పటి జావా అక్క చాలా మంచిది. చిక్కంతా అక్కడే వచ్చింది. నెట్ సెంటర్లో కూర్చుని వెతికి, ఒక ఆదివారం చాచా దగ్గరికి వచ్చింది. "తాళంలో లోపం లేదు అంకుల్. చాబీ తీశాక స్టీరింగ్ కదిలితే లోపల ఒక కడ్డీ అడ్డం పడుతుంది. చక్రం గోడకి ఆనించి ఆపుతున్నారు కదా, ఆ ఒత్తిడికి అది బిగుసుకుపోతోంది" అంది. తనే కూర్చుని ఒక చేత్తో స్టీరింగ్ అటూ ఇటూ మెల్లగా కదుపుతూ, రెండో చేత్తో చాబీ తిప్పింది. టక్. ఒక్కత్తే.

"అక్కా, నీకింకా ఉద్యోగం రాలేదు, నాది మాత్రం ఊడగొట్టావు" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు సాయంత్రం నన్నెవరూ పిలవరని తెలిసి, మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చున్నాను. కింద చాచా టార్పాలిన్ తీసి, పైకప్పు మడిచి, కార్లోకి దిగారు. ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఒక చెయ్యి చాబీ మీద. మొదటిసారికే ఇంజను అందుకుంది. వెళ్లిపోతారనుకున్నాను. వెళ్లలేదు. పక్క సీటు వైపు చూస్తూ కాసేపు అలాగే కూర్చున్నారు. తరవాత ఇంజను ఆపేశారు. చాబీ బయటికి తీశారు. రెండు చేతులతో స్టీరింగ్‌ని గట్టిగా లాగారు, పైదాకా వినపడింది, టక్ అని. జేబురుమాలు తీసి రెండో సీటు దులిపారు. అప్పుడు తలెత్తకుండానే గొంతెత్తారు.

"బేటా! చాబీ మళ్ల పట్టేసింది! జర వస్తవా?"

నేను మెట్లు దిగాను. "నేను లేకపోతే ఈ కార్లో కోళ్లు పెంచుకోవాలి చాచా" అన్నాను. "అదే ఫికర్ రా" అన్నారాయన. నేను ఊపాను, ఆయన తిప్పారు. చూశానని నేను ఎప్పుడూ చెప్పలేదు.

జావా అక్కకి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్లకి చాచా పోయారు. ఆయన బంధువులు మెకానిక్‌ని తెచ్చారు. తాళం పాడైందని తేల్చి కారుని లారీ మీదకి ఎక్కించుకుపోయారు. నేను గేటు దగ్గరే ఉన్నాను. నన్నెవరూ అడగలేదు. ఒక్క చెయ్యి ఖాళీగా, గాల్లో ఉండిపోయినట్టు అనిపించింది.

ఇప్పుడు నాకూ జుట్టు నెరుస్తోంది. అదే సందులో జిరాక్స్ షాపు. కొత్త కార్లకి చాబీ తిప్పే పనే లేదట, బటన్ నొక్కితే చాలట, పాపం. నా షాపు షట్టర్‌కి నూనె నేనే పోస్తాను, వెన్నలా జారుతుంది. అయినా సాయంత్రం సగం దాకా దించి ఆపేసి, పక్కన ఫోన్లు బాగుచేసే ఆయన్ని కేకేస్తాను.

"భాయ్, ఇరుక్కుంది. జర పట్టుకుంటారా?"

ఆయనొచ్చి ఓ చెయ్యి వేస్తారు. అటుపైన కాసేపు అక్కడే నిలబడతాం.

ఈ మధ్య ఆయన షట్టరు కూడా ఇరుక్కుంటోంది.