వెలుగుతున్న లైటు మీద ఫిర్యాదు

పుణ్యవతక్క గురించి చెప్పాలంటే ముందు ఆ కిటికీ గురించి చెప్పాలి. మా మున్సిపల్ ఆఫీసు కింది అంతస్తులో, మెట్ల పక్కన, ఇనుప ఊచల కిటికీ ఒకటి ఉండేది. జనం అర్జీలు ఇచ్చేది అక్కడే. చెత్తబండి రావడం లేదనీ, పిల్లాడి జనన ధ్రువపత్రంలో పేరు తప్పు పడిందనీ, వీధి లైటు వెలగడం లేదనీ కాగితాలు పట్టుకుని వచ్చేవారు. పుణ్యవతక్క కాగితం తీసుకుని, ముద్ర వేసి, రసీదు ఇవ్వాలి. పని అంతే. అయితే ఆవిడ అంతటితో వదిలిపెట్టిన మనిషిని నేను చూడలేదు.

"ఏ ఊరు బిడ్డా మీది? కొండాపూర్ల కిరాయికుంటున్నరా? నీళ్ళు మంచిగ వస్తున్నయా?" అని అడిగేది. చెప్పిందంతా వినేది. అప్పుడు ముద్ర వేసేది. వరుసలో వెనక నిలబడ్డవాళ్ళు గొణుక్కునేవారు. తీరా తమ వంతు వచ్చాక వాళ్ళూ ఊచలు పట్టుకుని ఇంటి సంగతులన్నీ చెప్పుకునేవారు.

నేను ఆవిడ వెనక బల్ల దగ్గర కూర్చునేదాన్ని. నా పేరు వాసంతి, మాది కాకినాడ. మాట తక్కువ, విసుగు ఎక్కువ అని ఆఫీసులో నాకు పేరుంది. అది నిజమే. రోజంతా ఆ కబుర్లు వినీ వినీ చెవులు చిల్లులు పడుతున్నాయని నేనే నలుగురితో అన్నాను.

ఆవిడ భర్త రాజయ్య మా ఆఫీసులోనే చెత్త లారీ డ్రైవరు. గుండెపోటుతో పోతే ఆ ఉద్యోగానికి బదులు ఈవిడకు ఈ కొలువు ఇచ్చారు. పిల్లల్లేరు. కొండాపూర్ పాత ఊళ్ళో, పెద్ద పెద్ద బిల్డింగుల వెనక గల్లీలో ఒక గది. చుట్టుపక్కల గదులన్నీ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళవి. పొద్దున్నే మెట్ల మీద ఎదురైతే పలకరిస్తుందట. వాళ్ళు చెవుల్లోంచి ఏదో తీసి, "ఆంటీ, ఏమన్నారు?" అంటారట.

"తిన్నవా అన్న మాట రెండోసారి ఎట్ల అడుగుత, వాసంతమ్మా? ఒక్కసారే బాగుంటది అది" అంది ఒకరోజు నాతో. నేను ఫైలు తిరగేశాను.

అలాంటి మనిషికి రోజు మొత్తం మీద నలుగురితో మాట్లాడే చోటు ఆ కిటికీ ఒక్కటే. దాన్ని మూసేశారు. ఇకపైన అర్జీలన్నీ ఫోన్‌లోనే పెట్టుకోవాలని ఉత్తర్వు వచ్చింది. మిస్త్రీ వచ్చి కిటికీకి ప్లైవుడ్ కొట్టి, తెల్లరంగు వేసి, దాని మీద యాప్ బొమ్మ అంటించి పోయాడు. ఆ వారమంతా జనం అలవాటుగా వచ్చి, ఆ చెక్కను చూసి, కాసేపు నిలబడి వెళ్ళిపోయారు.

ఉత్తర్వుతో పాటే ఇంకో ముచ్చట కూడా వచ్చింది. సిబ్బందికి ఏడాది పాటు డిజిటల్ అప్రెంటిస్‌షిప్ శిక్షణ అట. కొన్ని రోజులు హైటెక్ సిటీలో ఒక సంస్థలో పాఠాలు, మిగతా రోజులు ఆఫీసులోనే కొత్త కంప్యూటర్ల మీద పని నేర్చుకోవడం. రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాళ్ళను అప్రెంటిస్‌లంటే ఎవరికి నవ్వు రాదు? అందరం నవ్వాం, తరువాత అందరం సంతకాలు పెట్టాం.

మొదటి రోజు ఆ అద్దాల భవనంలో లిఫ్ట్ ఎక్కి తలుపు మూసుకున్నాక చూస్తే లోపల ఒక్క మీటా లేదు. ఏ అంతస్తుకు పోవాలో బయటే నొక్కి రావాలట. ఆ సంగతి మాకేం తెలుసు? ఎవరో పిలిచిన చోటికల్లా అది మమ్మల్ని మోసుకుపోయింది. మెడలో కార్డులేసుకున్న పిల్లలు ఎక్కుతున్నారు, దిగుతున్నారు, ఫోన్లలోంచి తలెత్తడం లేదు.

"ఇంతమంది ఎక్కిన్రు దిగిన్రు, ఒక్కలన్న యాడికి పోవాలె అని అడగలె సూడు" అంది పుణ్యవతక్క. ఆవిడకు దారి తప్పినందుకు కాదు బాధ, అందుకు.

మాకు పాఠం చెప్పిన మధుకర్ మంచి కుర్రాడే. జనం పెట్టిన ఫిర్యాదులు తెరమీద ఎలా వస్తాయో, సరిచేశాక వాళ్ళకు ఫోన్ చేసి ఎలా అడగాలో నేర్పించాడు. పని పూర్తయిందని మనం అనుకుంటే చాలదు. ఫిర్యాదు చేసినవాళ్ళ ఫోన్‌కు ఓటీపీ పోతుంది. వాళ్ళు ఆ అంకెలు మనకు చెప్తేనే ఫిర్యాదు మూతపడుతుంది. లేకపోతే మర్నాడు మళ్ళీ ఫోన్ చేయాలి. వాళ్ళ నంబరు మాత్రం మనకు కనపడదు. మీట నొక్కితే కంప్యూటరే కలుపుతుంది.

అప్రెంటిస్‌లం కదా, ఒక్కో కాల్‌కి రెండేసి హెడ్‌సెట్లు ఇచ్చారు. ఒకరు మాట్లాడుతుంటే పక్కవాళ్ళు విని నేర్చుకోవాలట. నన్నూ పుణ్యవతక్కనూ జత చేశారు. ఇక నా చెవులకు విశ్రాంతి లేదనుకున్నాను.

అనుకున్నట్టే అయింది. కాల్ అయ్యాక జరిగింది రాయడానికి తెరమీద ఒక గడి ఉంటుంది. పుణ్యవతక్క ఒక్క వేలితో వెతుక్కుంటూ అందులో "చెత్తబండి వచ్చిందట. కోడలికి జ్వరం తగ్గిందట" అని రాసింది. మధుకర్ దాన్ని పెద్ద తెరమీద వేసి చూపించాడు. గది గదంతా పగలబడి నవ్వింది. ఆవిడ కూడా నవ్వింది కానీ చెంగుతో మొహం తుడుచుకుంది.

"మేడం, పరిష్కారం అయిందా లేదా, అంతే రాయాలి" అన్నాడు అతను మెల్లగా.

"జ్వరం తగ్గుడు గూడ పరిష్కారమే గద సారూ" అంది ఆవిడ. అతను ఇంకో స్లైడు వేశాడు.

ఆదర్శ్ అనే అబ్బాయి ఫిర్యాదు వచ్చింది ఆ తరువాతే. కొండాపూర్‌లోనే ఒక అపార్ట్‌మెంటు ముందు వీధి లైటు వెలగడం లేదని. మా లైన్‌మన్ పోయి, వెలుగుతున్న లైటును ఫొటో తీసి పెట్టాడు. పుణ్యవతక్క ఫోన్ చేసింది.

"మున్సిపల్ ఆఫీసు నుంచి సార్. మీ లైటు మంచిగ వెలుగుతుందని మావోళ్ళు ఫొటో పెట్టిన్రు. జర ఓటీపీ చెప్తరా?"

"ఓటీపీ రాలేదండి" అన్నాడు.

పంపించినట్టు మా తెరమీద కనపడుతూనే ఉంది. నేను చూపించాను. ఆవిడ చూసి కూడా, "గట్లనా? ఫికర్ లేదు బిడ్డా, రేపు చేస్త. తిన్నవా?" అంది.

"ఇంకా లేదండి. ఏదో ఆర్డర్ పెట్టుకుంటాను" అన్నాడు. అని, ఫోన్ పెట్టేయలేదు.

మర్నాడూ ఓటీపీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మెల్లమెల్లగా సంగతి బయటపడింది. ఇంట్లోంచే ఉద్యోగం. కలిసి ఉన్న స్నేహితులు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు. మీటింగుల్లో ఎవరి మొహమూ కనపడదట.

"రోజంతా మాట్లాడుతూనే ఉంటానండి. వినిపిస్తోందా అని అడుగుతారంతే. ఇంకేమీ అడగరు" అన్నాడు ఒకరోజు.

పుణ్యవతక్క ఆ పిల్లాడికి పచ్చిపులుసు నేర్పింది. చింతపండు నానేసి పిసుకు, ఉల్లిగడ్డ సన్నగ తరుగు, పచ్చిమిరపకాయ మంట మీద జర కాల్చు, పొయ్యి మీద పెట్టకు అని చెప్తుంటే, అతను అవతల కత్తిపీట లేక చాకుతో తంటాలు పడుతూ నవ్వడం నాకు రెండో హెడ్‌సెట్‌లో వినపడింది. అప్పుడు తెలిసింది నాకు, ఆ లైటు మొదటినుంచీ వెలుగుతూనే ఉందని అతనికీ తెలుసు, ఈవిడకూ తెలుసు. ఇద్దరిలో ఎవరూ ఆ మాట అనలేదు. నేనూ అనలేదు. పొద్దున ఆఫీసుకు వచ్చి హెడ్‌సెట్ పెట్టుకునేటప్పుడు ఆవిడ మొహం పాత కిటికీ దగ్గరి మొహంలా ఉండేది.

ఏడాది చివరకు వచ్చింది. శిక్షణలో నెగ్గాలంటే మన పేరు మీద మూతపడని ఫిర్యాదు ఒక్కటి కూడా ఉండకూడదన్నారు. నెగ్గనివాళ్ళను దోమల మందు గోదాముకు పంపిస్తారట. పుణ్యవతక్క పేరు మీద మిగిలింది ఆ ఒక్క లైటే.

"గోదాంల డబ్బాలతోటి ఏం మాట్లాడుత వాసంతమ్మా?" అంది. "పాసైతే ఈ కుర్చీ అన్న ఉంటది. గీ పిల్లగాడు పోతే ఇంకొక పిల్లగాడు ఫోన్ ఎత్తుతడు." తనకు తాను నచ్చజెప్పుకుంటోందని తెలుస్తూనే ఉంది.

ఆ రోజు ఫోన్‌లో మాట ఎత్తడానికి చాలాసేపు పట్టింది. పచ్చిపులుసు అయింది, వాన అయింది, ట్రాఫిక్ అయింది. చివరికి, "బిడ్డా, నా పరీక్ష ఉంది. ఓటీపీ చెప్పకపోతే నన్ను ఈడికెళ్ళి తీసేస్తరట" అంది.

"అయ్యో, ముందే చెప్పొచ్చు కదండీ ఆంటీ" అన్నాడు. "రాసుకోండి."

ఒక్కో అంకె చెప్పాడు. ఆవిడ ఒక్కో అంకె నొక్కింది. "లైటు బాగా వెలుగుతోందండి. ఇంకెప్పుడూ ఫిర్యాదు పెట్టనులెండి, మీకు మాట రానివ్వను" అన్నాడు. తెరమీద ఆ వరుస పచ్చగా మారి మాయమైంది. ఇంకో మాట అనేలోపు లైను తెగిపోయింది. ఫిర్యాదు మూతపడితే కంప్యూటరే తెంపేస్తుంది, అదీ దాని పద్ధతి.

పుణ్యవతక్క నెగ్గింది. శాలువా కప్పారు, ఫొటో తీశారు. బాగా నేర్చుకున్నారని మెచ్చుకుని, కాల్స్ నుంచి తప్పించి, పైన రెండో అంతస్తులో పాత రికార్డులు స్కాన్ చేసే గదిలో వేశారు. దాన్ని పెద్ద బాధ్యత అన్నారు. వేలిముద్ర పెడితేనే తలుపు తెరుచుకుంటుంది, రికార్డులున్నాయని మిగతావాళ్ళను రానివ్వరు. భోజనం కూడా లోపలే. ఒక యంత్రం, ఒక ఏసీ, ఒక మనిషి. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ ఎవరిని తిట్టాలి? అందరూ మంచే చేశామనుకుంటున్నారు.

ఒక సోమవారం గేటు దగ్గర కలిసి, ఆదివారం ఆ అపార్ట్‌మెంటుకు పోయొచ్చానని చెప్పింది. పొద్దుగూకే వేళ, డబ్బాలో పచ్చిపులుసు పోసుకుని పోయిందట. వీధి లైటు వెలుగుతోందట. వాచ్‌మన్ ఆపి, ఎవరి కోసం అన్నాడట. ఆదర్శ్ అని చెప్పిందట. ఫ్లాటు నంబరు అడిగాడు, తెలియదు. ఫోన్ చేయమన్నాడు, నంబరు లేదు.

"మీరేమైతరమ్మా ఆయనకు అన్నడు వాసంతమ్మా" అంది. "ఏమైత నేను? గదే తెలవక ఎనుకకొచ్చిన."

డబ్బాలోది తనే తిన్నానంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదో అనబోయాను. ఆలోగా లేటవుతుందని ఎవరో కేకేశారు, ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయింది.

అదయ్యాక కొన్నాళ్ళకు, మధ్యాహ్నం వేళ నా తెరమీద ఒక ఫిర్యాదు వచ్చింది. కొండాపూర్ పాత ఊళ్ళో ఒక గల్లీ, వీధి లైటు వెలగడం లేదని. కింద లైన్‌మన్ పెట్టిన ఫొటోలో లైటు భేషుగ్గా వెలుగుతోంది. ఇలాంటివాళ్ళకు వేరే పని ఉండదని గొణుక్కుంటూ మీట నొక్కాను.

"మున్సిపల్ ఆఫీసు నుంచండి. మీ లైటు సరిచేశామని ఫొటో వచ్చింది. వెలుగుతోందా?"

"వెలుగుతలేదమ్మా."

ఒక్క మాటకే గొంతు తెలిసిపోయింది. నా గొంతు ఆవిడకూ తెలిసే ఉంటుంది. వెనక స్కానింగ్ యంత్రం చప్పుడు వినపడుతోంది. సరిగ్గా నా నెత్తిమీద, రెండంతస్తుల పైన కూర్చుని మాట్లాడుతోంది.

"ఓటీపీ వచ్చిందాండీ?" అన్నాను.

"రాలె."

పంపించినట్టు తెరమీద ఉంది. పద్ధతి ప్రకారం సరేనండి అని పెట్టేయాలి, వరుసలో ఇంకా బోలెడు కాల్స్ ఉన్నాయి. మాట తక్కువ మనిషిని, నాకు ఇలాంటివి చేతకావు. గొంతు సవరించుకున్నాను.

"తిన్నారా అక్కా?" అన్నాను.

అవతల యంత్రం ఆగింది. లైను తెగిందేమో అనుకున్నాను. తరువాత పుణ్యవతక్క, పొద్దున ఏం వండుకుందో, ఉప్పు ఎందుకు ఎక్కువైందో, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. నేను మొత్తం విన్నాను.

ఫోన్ పెట్టేశాక జరిగింది రాసే గడిలో టైపు చేశాను: "వంకాయ కూర అట. లైటు ఇంకా వెలగడం లేదు. రేపు మళ్ళీ ఫోన్ చేయాలి."