మిరప కళ్లం మధ్యలో మా చక్రాల ఇల్లు

గుంటూరు మిర్చి యార్డుకు మూడు వీధుల అవతల ముప్పై ఏళ్ళు కాపురం చేశాం. సీజను వచ్చిందంటే మా ఆవిడ మార్తమ్మకు ఆయాసం మొదలవుతుంది. కిటికీలు మూసినా, గుడ్డలు కట్టినా ఆ ఘాటు ఎక్కణ్ణుంచో దూరుతుంది. ఈ ఏడు బ్రాడీపేట డాక్టరు గారు మందులు రాయడం ఆపి నా ముఖంలోకి చూసి, "ఈ నాలుగు నెలలూ ఆవిణ్ణి ఊరు దాటించండి. సముద్రం గాలి తగిలేచోట ఉంచండి" అన్నారు. నాకు సముద్రం పక్కన ఇల్లు లేదు. ఒకరింట్లో ఉండి వాళ్ళ ముఖం చూస్తూ అన్నం తినే అలవాటూ లేదు. నలభై ఏళ్ళు ట్రైలర్ లారీ తోలినవాణ్ణి. కాబట్టి ఇంటినే చక్రాల మీదకి ఎక్కించాను.

ఇలాంటిది కట్టించుకోవాలనుకునేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నాకు చదువు పెద్దగా లేదు, ఉన్నదున్నట్టు చెబుతాను. విదేశాల్లో ఇలాంటి ఇంటిని ఫిఫ్త్ వీల్ అంటారట. మా లారీవాళ్ళకు ఆ మాట కొత్తేం కాదు. ఇంజను బండి వెనక ఉండే గుండ్రటి ఇనప పళ్ళెం పేరే అది. ట్రైలరు కింద వేలాడే లావుపాటి పిన్ను ఆ పళ్ళెంలోకి దూరి తాళం పడుతుంది. నేను చేయించిందీ అదే, కాకపోతే చిన్నది. పాత పికప్ బండి తొట్టిలో పళ్ళెం బిగించి, ఇరవై అడుగుల ఇల్లు తగిలించాను. మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు, మరుగుదొడ్డి, కప్పు మీద ఫ్యాను అన్నీ ఉన్నాయి. ఆటోనగర్లో కట్టించడానికి తొమ్మిది లక్షలు దాటింది. డీజిలు లీటరుకు ఏడు కిలోమీటర్లు వస్తే గొప్ప. కట్టించే ముందే రవాణా ఆఫీసుకు వెళ్ళి ఏమేం అనుమతులు కావాలో అడగండి. కట్టించాక అడిగితే ఏడుస్తారు.

దీని గొప్పంతా విడదీసుకోవడంలో ఉంది. ఇంటిని ఒకచోట నిలబెట్టి, జాకీ కాళ్ళు దించి, పికప్ విడదీసుకుని బజారుకు వెళ్ళి రావచ్చు. మా వీధిలో అందరికీ ఇదే చెప్పుకుని తిరిగాను. ఈ ప్రయాణంలో నా గుండె ఆగినంత పని చేసిందీ ఆ విడదీయడమే.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం రెండింటికి గుంటూరులో బయల్దేరాం. వేటపాలెం అవతల, సముద్రానికి దగ్గరలో, జీడిపప్పు వ్యాపారం చేసే ఒకాయన తన తోటలో బండి నిలుపుకోమన్నాడు. నెలకు మూడు వేలు, కరెంటు వేరే. పొన్నూరు, బాపట్ల మీదుగా వెళితే దగ్గరే. కానీ ఆ దారిలో ఊళ్ళు ఇరుకు. ఇలాంటి బండి మలుపు తిరిగేటప్పుడు పికప్ ఒక దారిన, ఇల్లు లోపలి దారిన పోతాయి. సందు మొదట్లో ఉన్న అరుగు మీ వెనక చక్రం కింద ఉందని అరుపులు వినపడ్డాక గాని తెలియదు. అందుకని హైవే ఎక్కి చిలకలూరిపేట దాకా వచ్చి, అక్కణ్ణుంచి పర్చూరు వైపు తిరిగాను. ఎదురుగా పత్తి కుక్కిన పెద్ద బోరేలు రోడ్డంతా పొంగిపోయేలా కట్టిన ట్రాక్టర్లు వస్తుంటే ఆగి దారి ఇచ్చాను. అంచుకు దిగకండి, అంతా నల్లరేగడి. దిగిన చక్రం మళ్ళీ పైకి రాదు.

పేట దాటిన కాసేపటికే ఇంటి వెనక టైరు పంక్చరయింది. స్టెప్నీ మార్చేసరికి సాయంత్రమైంది. దుమ్ముకు మార్తమ్మకు ఆయాసం వస్తే పికప్‌లోనే మందు పీల్చుకుని, ఆ గొట్టాన్ని డ్యాష్‌బోర్డు అరలో పెట్టింది. చీకటి పడ్డాక నేను ఈ బండి తోలను. పర్చూరు ఇంకా ముందుందనగా రోడ్డు పక్కన ఒక నేల కనిపించింది. అద్దంలా చదును. రోలరు తొక్కించినట్టు గట్టిగా ఉంది. ఒక్క గడ్డిపరక లేదు. జాకీ కాళ్ళు దించడానికి అంతకన్నా మంచి నేల దొరకదు.

"ఎవరిదో అడగవయ్యా" అంది మార్తమ్మ.

"ఖాళీ నేలకు అడిగేదేందే?"

"అలికిన వాసన వస్తోంది. ఎవరో పనిగట్టుకుని చేసుకున్నట్టుంది."

అది మిరపకాయలు ఎండబోసే కళ్లమని నాకు తెలియక కాదు. గుంటూరువాణ్ణి, ఆ మాత్రం తెలుసు. కాయ లేని కళ్లం, ఒక్క రాత్రికి అరిగిపోతుందా అనుకున్నాను. అంచులు మెత్తగా ఉన్నాయని సరిగ్గా మధ్యలో నిలబెట్టాను.

తెల్లవారాక ఆమె ఇంకా పడుకునే ఉంది. కొట్టు తీసే వేళకు వెళ్ళి పంక్చరు వేయించుకొద్దామని పికప్ విడదీశాను. విడదీయడానికి వరస ఉంది. ముందు ఇంటి చక్రాలకు అటూ ఇటూ చెక్కలు పెట్టాలి. తర్వాత జాకీ కాళ్ళు దించాలి, వైర్లు పీకాలి, ఆఖరున పిన్ను తాళం తీయాలి. వరస తప్పితే ఇల్లు మీ పికప్ తొట్టి మీద కూర్చుంటుంది. "గంటలో వస్తా" అంటే నిద్రలోనే "ఊఁ" అంది. గాలి కోసం కప్పు ఫ్యాను వేసే ఉంచాను.

పర్చూరులో పంక్చరు కొట్టు ఎనిమిది దాకా తీయలేదు. ఈలోగా ఇడ్లీ తిని, ఆమెకూ కట్టించుకున్నాను. కొట్టతను నా తొట్టిలోకి తొంగిచూశాడు.

"ఏం పెద్దాయనా, ఈ పళ్ళెం ఏంది?"

"ఇల్లు తగిలించుకోవడానికి."

"ఇల్లేది మరి?"

"పొలంలో ఉంది."

"ఇల్లు పొలంలో పారేసి పళ్ళేన్ని ఊరేగిస్తన్నావన్నమాట!" అని పడీ పడీ నవ్వాడు. నూట యాభై తీసుకున్నాడు, పని మాత్రం శుభ్రంగా చేశాడు.

తిరిగి వచ్చేసరికి తొమ్మిది దాటింది. మలుపు తిరిగి ముందుకు చూసి, బ్రేకు మీద కాలు అలాగే ఉంచేశాను. నేల లేదు. నేను పొద్దున పికప్ తోలుకెళ్ళిన నేల ఎక్కడా లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్రగా మిరపకాయలు. జానెడు మందాన, అరచేయి పట్టే సందు లేకుండా పరిచేశారు. ఆ ఎరుపు మధ్యలో తెల్లగా మా ఇల్లు. రోడ్డు వార రెండు ట్రాక్టర్లు బస్తాలు దించుతున్నాయి. ముక్కులకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు చీపుర్లతో కాయ సర్దుతున్నారు. నా కళ్ళ ముందు మా కప్పు మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. లోపలికి గాలి లాగే ఫ్యాను అది. నేను బిగించిందే.

కారం నుంచి పారిపోదామని ఇల్లు కట్టించి, ఆ ఇంటిని తీసుకొచ్చి కారం మధ్యలో పెట్టాను. లోపల మార్తమ్మ ఉంది.

"ఎవరయ్యా ఇక్కడ కాయ పోసింది?" అని అరిచాను.

నలభై దాటిన మనిషి, తలకు తువ్వాలు చుట్టినాయన ముందుకొచ్చాడు. కళ్లం ఆయనదే. "నేనే పోశాను. నా కళ్లంలో నేను పోసుకుంటే నిన్నడగాలా?"

"మధ్యలో ఇల్లుంది, కనపళ్ళా?"

"అది ఇల్లా! మట్టి పరీక్షలు చేసే గవర్నమెంటు బండి అనుకున్నాం. మనకెందుకొచ్చిన గొడవని చుట్టూ పోసుకున్నాం."

"లోపల మనిషి ఉంది!"

"తలుపు కొట్టాం. ఎవరూ పలకలేదే."

ఆ మాట వినగానే మార్తమ్మకు ఫోను చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. పికప్ గేరు వేసి కాయ మీదికి తిప్పబోయాను. ఆయన వచ్చి బంపరుకు అడ్డంగా నిలబడ్డాడు.

"చక్రం ఎక్కించావా, ఊరుకోను. ఏడాది చాకిరీ ఇది!"

దిగి నడవబోయాను. కూలీల మేస్త్రి కోటమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "చెప్పులతో కాదు బాబాయ్, కాయ పగులుద్ది. విప్పు. కాలు ఎత్తమాక. నేలకు రాస్తా పో, కాయే పక్కకు జరుగుద్ది."

డెబ్బై దాటిన వయసులో, చెప్పులు చేత్తో పట్టుకుని, పసిపిల్లాడిలా పాదాలు ఈడ్చుకుంటూ వెళ్ళాను. ఎండకు కాయ వెచ్చబడి ఘాటు లేస్తోంది. కళ్ళలో నీళ్ళు. ఎంత నడిచినా తలుపు దగ్గరికి రాదే! "మార్తా" అని పిలుస్తూనే ఉన్నాను.

తలుపు తీస్తే లోపలి గాలి గొంతులో నిప్పులా తగిలింది. ఆమె లేవలేక మంచానికి చేరగిలబడి నేల మీద కూర్చుని ఉంది. తడి తువ్వాలు నోటికి అదుముకుని, భుజాలు ఎగరేస్తూ గాలి లాగుతోంది. మాట రావడం లేదు. ముందు ఫ్యాను ఆపాను. ఆమె పిడికిలి నోటి దగ్గర పెట్టి బొటనవేలు నొక్కి చూపించింది. మందు. పీల్చే మందు. అది నాతోపాటు పర్చూరు వెళ్ళి, ఇడ్లీ తిని, తిరిగి వచ్చి రోడ్డు మీద పికప్‌లో ఉంది.

ఆ కళ్లం ఆసాంతం పాదాలు ఈడ్చుకుంటూ వెళ్ళి మళ్ళీ రావాలి. తలుపులో నిలబడి కేకేశాను. "అయ్యా! పికప్‌లో, డ్యాష్‌బోర్డు అరలో, నీలం గొట్టం! మా ఆవిడకు ఊపిరాడట్లేదు!"

ఇందాక నా చక్రానికి అడ్డం నిలబడ్డ మనిషే పికప్‌లోకి వంగి, గొట్టం తీసుకుని, కాయ మీదనే పరుగెత్తాడు. చెప్పులతోనే. అడుగు పడ్డచోటల్లా కాయ పటపటమంటోంది.

"చెప్పులు, చెప్పులు!" అని కోటమ్మ అరిచింది.

"నోర్ముయ్యవే! మనిషి పోతంటే కాయలేంది!"

ఆయన అందించాడు. ఆమె ఒకసారి పీల్చింది. ఆగి ఇంకోసారి పీల్చింది. నేను ఆమె వీపు మీద చెయ్యి పెట్టి ఆ ఊపిరి ఎక్కడిదాకా దిగుతోందో వింటున్నాను. పిల్లికూత కొంచెం తగ్గింది. మరికాస్త తగ్గింది. అప్పుడు కళ్ళు తెరిచి నా వంక చూసి, "ఇడ్లీ తెచ్చావా?" అంది.

ఆసామి బయటికెళ్ళి ఒక్క కేక వేశాడు. నలభై ఏళ్ళు హమాలీల పని చూసినవాణ్ణి, అయినా నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఆడవాళ్ళంతా రెండు వరసలుగా నిలబడి, చీపుర్లతో, చెక్క పారలతో కాయను అటూ ఇటూ తోసి, ఇల్లు పట్టేంత దారి రోడ్డు దాకా తీశారు. నేను వెనక్కి వస్తుంటే ఆసామే సైగలు చేశాడు. "కుడికి కొట్టు... చాలు... ఇంకా రా, ఇంకా..." మొదటిసారి పిన్ను తప్పింది. రెండోసారి టక్కున పడింది. ఎంత కంగారులో ఉన్నా ఇది మానకండి. పిన్ను పడ్డాక, జాకీలు పూర్తిగా ఎత్తకముందు, పికప్‌ను కొంచెం ముందుకు లాగి చూడాలి. ఇల్లు కదలకుండా గట్టిగా పట్టుకుంటేనే తాళం పడ్డట్టు.

గాలి ఎదురొచ్చే వైపు, రోడ్డు మీద దూరంగా తీసుకెళ్ళి ఆపి, తలుపులన్నీ తీశాను. ఆసామి బైకు మీద వెనకాలే వచ్చి మార్తమ్మను చూసి, "ఎట్టా ఉందమ్మా?" అని అడిగాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"రాత్రి ఊళ్ళోకొచ్చి ఒక్క మాట చెప్తే, మా రేకుల షెడ్డు ముందు పెట్టించేవాణ్ణి గదా. నీకు నోరు లేదా పెద్దాయనా?"

నోరు లేదని నన్నెవరూ ఇంతవరకు అనలేదు. చెయ్యెత్తి దణ్ణం పెట్టాను.

ఆయన వెళ్ళాక మార్తమ్మను అడిగాను. "వెనక్కి తిప్పమంటావా? ఎక్కడన్నా అద్దెకు చూద్దాం. దీన్ని అమ్మేస్తాను."

"ఇల్లు బాగానే ఉంది" అంది ఇడ్లీ తుంచుకుంటూ. "ఇంటాయనే సరిగా లేడు. పోనియ్యి ముందుకు."

చీరాల దాటి, మధ్యాహ్నానికి వేటపాలెం చేరాం. ఇప్పటికి వారమైంది. పగలు కిటికీలు తీసుకుని పడుకుంటోంది. పక్కన కూర్చుంటే ఊపిరి చప్పుడు వినపడదు. వినపడకపోవడమే నాకు కావాల్సింది. అయినా ఇప్పటికీ ఉలిక్కిపడి దగ్గరకు వంగి చూస్తుంటాను. నలభై ఏళ్ళూ బండి విడదీస్తే వెనక మిగిలింది సరుకే. బస్తా ఎదురుచూడదు, బస్తాకు ఊపిరి ఆడకపోవడం ఉండదు. ఇప్పుడు నేను విడదీసి వెళితే వెనక మిగిలేది మనిషి. ఇది తెలియడానికి నాకు ఒక కళ్లమంత మిరపకాయ కావలసివచ్చింది. మన వైపు ఈ నెలల్లో చదునుగా, శుభ్రంగా కనిపించే ప్రతి నేలా ఎవరో రేపటి కోసం సిద్ధం చేసుకున్నదే. అడగడానికి పరువు అడ్డొస్తే, నన్ను తలుచుకోండి.

ఒక్కటి మాత్రం తప్పకుండా చేయండి. పిన్ను తాళం మీద చెయ్యి వేసే ముందు, లోపల ఉండిపోయే మనిషికి కావలసినవి పికప్‌లో ఏమన్నా మిగిలాయేమో చూసి ఇంట్లోకి దించండి. మందు, నీళ్ళు, ఫోను, తాళంచెవి. మా ఇంట్లో ఆ పని ఇప్పుడు నాది కాదు. మార్తమ్మ ఆ నీలం గొట్టానికి తాడు కట్టి మెడలో వేసుకుంది. పొద్దున పాలకు వెళుతూ ఇలా ఇవ్వు, మందు ఎంతుందో చూస్తానంటే, చెంగు కిందికి తోసుకుని, "నువ్వెళ్ళి రా" అంది.