పది పేర్ల కింద పడవ

తీరం కాపలా గదిలో ఆమెను అందరూ డేగ అనేవారు. పద్నాలుగేళ్లుగా రాడార్ తెర ముందు కళ్లల్లో ఒత్తులు వేసుకుని కూర్చున్న మనిషి. ఆ తెరేమో ఇసుక వేస్తే రాలనంత కిక్కిరిసి ఉండేది. ఒక్కో పడవకి ఒక చుక్క, పక్కన పేరు, వేగం, దిశ. అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునేవి. షిఫ్టు దిగాక ఇంటి గోడల మీద కూడా చుక్కలే కనిపించేవి.

ఆ తెరను తేలిక చేయడానికని ఒక ఇంజినీరు వచ్చాడు. వస్తూనే, "అక్కా, మీరు వేటిని పట్టించుకోరు?" అని అడిగాడు.

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఆమెకు ఎక్కడలేని హుషారొచ్చింది. "పక్షుల గుంపుల్ని పట్టించుకోను, అలల మెరుపుల్ని పట్టించుకోను. పొద్దున్నే బారులు తీరి చేపల వేటకెళ్లే పడవలైతే, వాటి దారి నాకు కంఠతా వచ్చు!"

అతను గబగబా రాసుకున్నాడు. "కదలకుండా ఆగినవి కూడా తీసేద్దామక్కా."

"అమ్మో, వద్దు బాబూ! లంగరేసే చోట ఆగినవి తీసేయ్. నడిసముద్రంలో ఆగిందంటే కొంప మునిగినట్టే."

దానిమీద రెండు రోజులు వాదించుకున్నారు. చివరికి ఆమె మాటే నెగ్గింది.

పరీక్ష రోజు ఉదయం మీట నొక్కగానే తెర ఖాళీ! ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. "నా పడవలన్నీ ఏవీ?"

"ఎక్కడికీ పోలేదక్కా, వెనక దాచాను. ఇది నొక్కితే వచ్చేస్తాయి."

నొక్కింది, వచ్చాయి. చిన్నపిల్లలా నాలుగుసార్లు నొక్కి చూసుకుంది.

ఆ పూటే, పదకొండు గంటలకు, సముద్రంలోకి ఫిరంగులు పేల్చే అభ్యాసం ఉంది. పదిన్నర దాటాక, సరిగ్గా గుళ్లు పడే చోట, ఒక చుక్క ఎర్రగా వెలిగింది. పడవ! ఆగిపోయింది!

"అదిగో! కాల్పులు ఆపించండి సార్!" గది దద్దరిల్లేలా అరిచింది.

అధికారి వెంటనే ఫోనందుకున్నాడు. గస్తీ పడవ వెళ్లి చూస్తే, ఇంజను చెడిపోయి ఇద్దరు అన్నదమ్ములు చొక్కాలు విప్పి ఊపుతున్నారట. పడవతో సహా ఒడ్డుకి లాక్కొచ్చారు.

పాత తెరైతే ఆ చుక్క పది పేర్ల కింద నలిగిపోయి ఉండేది. ఆమె ఇంజినీరు చెయ్యి పట్టుకుని ఊపేసింది. "మీరు వాదించకపోతే నేను దాన్ని కూడా దాచేసేవాణ్ని అక్కా," అన్నాడతను.

ఇంటికెళ్లేసరికి కాళ్లు నేలమీద ఆనడం లేదు. కుట్టుమిషను ముందున్న భర్తకి అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

"అన్నీ ఆ ప్రోగ్రామే చూసుకుంటే మరి నీ ఉద్యోగం?" అన్నాడాయన.

"దానికి చూపించడమే వచ్చయ్యా. అరవడానికి నేనుండాలి!"

"ఆ మాట నిజం," అన్నాడు భర్త, చెవి రుద్దుకుంటూ.