కంబా మాటల వంటిల్లు

జెద్దాలో నేను పనిచేసే ఇంటి పై అంతస్తులో ఒక పరదేశీ కుటుంబం ఉండేది. పరదేశీల ఇంట్లో తలకింత అని సర్కారు వేసే లెవీ పన్ను పెరిగేసరికి వాళ్ళు సొంత దేశానికి వెళ్ళిపోయారు. వాళ్ళ దగ్గర పనిచేసే కెన్యా ఆమెను మా మేడం కఫీల్, అంటే వీసాకు పూచీ ఉండే యజమాని, పేరు తన మీదికి మార్పించి తన ఇంట్లో పెట్టుకుంది. అలా మా వంటింట్లోకి కంబా భాష వచ్చింది.

"స్వాహిలీ అందరిదీ. కంబా మా ఇంటిది," అనేది ఆమె, వచ్చీరాని అరబ్బీలో.

వచ్చిన మరునాడే ఫోను చెవికి ఆనించుకుని "సూసూ! సూసూ!" అని ఒకటే కేకలు. మా దగ్గర పిల్లలు ఒంటికి వస్తే అనే మాట అది. కొత్త ఇల్లు, అడగడానికి మొహమాటం కాబోలనుకుని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి బాత్‌రూము తలుపు తీశాను. కంగారులో నోట మా కడప మాటే వచ్చింది. "పోమ్మా, సిగ్గేముండాది!"

ఆమె తెల్లబోయి ఫోను నా చెవికి పెట్టింది. అవతల ఎవరో ముసలామె గొంతు. సూసూ అంటే అవ్వ అట! సంగతి తెలిశాక ఇద్దరం ఆ గడపలోనే కూలబడి కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాం.

ఇక రోజూ ఏదో ఒక కొత్త మాట. రమ్మనడానికి "ఊకా". ఏదైనా అందిస్తే "మువేయా", అంటే సంతోషమని. ఒకరోజు మరిగే నీళ్ళలో మొక్కజొన్న పిండి పోసి, తెడ్డుతో గెలికి ముద్ద చేసి, "న్గిమా" అంది.

"ఇది మా సంగటే కదా!" అన్నాను.

ఆ రోజుల్లోనే మేడం వాళ్ళమ్మ నజ్రాన్ నుంచి వచ్చింది. కూతురు బల్ల మీద ఏం పెట్టించినా కెలికి వదిలేసేది. ఒక మధ్యాహ్నం మేమిద్దరం వంటింట్లో కింద కూర్చుని ముద్ద తింటుంటే గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఏమిటది?"

"న్గిమా," అంది ఆమె. "సంగటి," అన్నాను నేను.

పెద్దావిడ వంగి చిటికెడు నోట్లో వేసుకుంది. "అసీదా!" అని తమ ఊరి ముద్ద పేరు చెప్పి మా పక్కనే చతికిలబడింది. ముద్దలో గుంట చేసి, నెయ్యీ తేనే పొయ్యమంది.

వెతుక్కుంటూ వచ్చిన మేడం గుమ్మంలోనే ఆగిపోయింది. "అమ్మా, ఇక్కడ కిందనా?"

"నువ్వూ కూర్చో. నీ బల్ల మీద నాకు ఆకలి వెయ్యలేదు."

మేడం కూర్చుంది. ఆ తర్వాత పెద్దావిడ ఉన్నన్నాళ్ళూ తెడ్డు ఎవరికీ ఇవ్వలేదు. నేను గెలికితే ఉండలు కడుతుందట.