పల్లం నేల బాకీ

ముప్ఫై మిరప, పద్దెనిమిది వంగ. మామ్మ నాటిన మొత్తం నలభై ఎనిమిది మొక్కలూ ఆ ఏడు పోయాయి. ఇవాళ తాల్‌బగీచా పేటలో మా ఇంటి వెనక పల్లంలో పార వేయగానే అదే బూడిదరంగు బంకమట్టి, అదే మురుగు వాసన.

నా చిన్నప్పుడు ఎండాకాలంలో ఆ పల్లమంతా నెర్రెలు విచ్చేది. చెయ్యి పెడితే మోచేతి దాకా దిగేది. నేల దాహంతో నోరు తెరిచిందని, వానంతా తాగేస్తుందని నేననుకున్నాను. మామ్మ కూడా అలాగే అనుకుని మొక్కలు నాటింది. తొలి వానలకే మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుపోయాయి. నీళ్లు నెల్లాళ్లు ఇంకలేదు, వేళ్లన్నీ కుళ్లాయి.

పక్కింటి పిన్ని గోడ మీంచి నవ్వింది. "ఏటత్తా, సెరువులో మిరపకాయలేసినావా? సేపలకి కారం అంటుకుంటాది."

"నవ్వుకోయే. పైయేడు గట్టేసి దానిమీద నాటతాను. ఈ మన్ను ఏటి సేస్తాదో సూస్తాను," అంది మామ్మ.

అన్నట్టే వేసింది. నీరు పక్కలకు జారిపోయింది. ఆ గట్టు మీద ఇరవై ఏడు మొక్కలే పట్టాయి, ఇరవై ఏడూ కాశాయి.

మట్టి ఇప్పటికీ అంతే. నేను రెండో గట్టు వేస్తున్నాను. ఆ నలభై ఎనిమిదిలో ఈ పల్లం మాకింకా ఇరవై ఒక్క మొక్కలు బాకీ.