బొటనవేలు వంగని ఊరు

కర్నూలులో నా పరిశోధన సంయోజక కణజాలం మీద. ఆ పేరు వినగానే మా ఇంట్లోవాళ్లే మాట మార్చేసేవాళ్లు. అందుకని ఎముకనీ ఎముకనీ, కండనీ ఎముకనీ పట్టి ఉంచే తాళ్లూ పొరలూ అని చెప్పడం అలవాటు చేసుకున్నాను. కొందరికి ఆ తాళ్లు పుట్టుకతోనే వదులు. కీళ్లు అతిగా వంగుతాయి, నొప్పులు తగ్గవు, చిన్న పనికే అలసిపోతారు. పల్లెల్లో అలాంటివాళ్లు ఉన్నారేమో చూడాలని మంత్రాలయం దారిలో ఉన్న మా పెద్దమ్మ ఊరికి వెళ్లాను.

పరీక్ష సులువే. బొటనవేలిని వంచితే ముంజేతికి ఆనాలి. మోకాళ్లు మడవకుండా వంగితే అరచేతులు నేలకు తగలాలి. పొద్దున్నే పెద్దమ్మ అరుగు మీదికి జనం వచ్చారు. ఒక్కరి వేలూ వంగలేదు. అంతకుముందే నడుం రెండుగా మడిచి ముగ్గేసిన ఎదురింటామె కూడా నా ముందుకొచ్చేసరికి కట్టెలా నిలబడిపోయింది. మధ్యాహ్నానికి పెద్దమ్మ సంగతి కనుక్కొచ్చింది. వంగనివాళ్లకు నేను వికలాంగుల సర్టిఫికెట్ రాసిస్తానని ఎవరో పుకారు పుట్టించారట.

అలాంటిదేమీ లేదని, నేను వెతికేది బాగా వంగేవాళ్లనని ఆ సాయంత్రమే ఊళ్లో చెప్పించాను. దాంతో మర్నాటికి అది పందెమైపోయింది. పైవీధివాళ్లు, కిందివీధివాళ్లు జట్లు కట్టి వచ్చారు. ఒకప్పుడు కబడ్డీ ఆడిన పెద్దాయన తన వేలిని రెండో చేత్తో బలవంతంగా నొక్కాడు. టక్కుమంది. ఆటోలో ఎమ్మిగనూరు తీసుకుపోయి కట్టు కట్టించాం. దారంతా నాకు భయం. ఆయనకు మాత్రం ఒకటే ధ్యాస.

"ఆనిందా లేదా, అది చెప్పు పాపా."

ఆనిందన్నాను.

ఆ తర్వాత పరీక్ష అనే మాటే ఎత్తలేదు. విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్న ఆడవాళ్ల మధ్య కూర్చుని నేనూ ఒలిచాను. కబుర్లలో పడ్డాక వాళ్ల బిగింపు పోయింది. అప్పుడు ఒక్కొక్కరినీ అడిగి చేతులు చూశాను. చివరికి పెద్దమ్మ చెయ్యి పట్టుకుంటే, ఆమె బొటనవేలు ఏ శ్రమా లేకుండా ముంజేతి మీద పడుకుంది. మోచెయ్యి వెనక్కి విల్లులా వంగింది.

బిందె ఎత్తినప్పుడల్లా భుజం జారడానికీ, సాయంత్రమయ్యేసరికి మంచమెక్కడానికీ కారణం ఇదే అయ్యుండొచ్చని, కీళ్ల చుట్టూ కండ బలపడే వ్యాయామాలు చేస్తే మేలని చెప్పాను. పెద్దమ్మ చేట పక్కన పెట్టింది.

"అంటే నాది సోమరితనం కాదంటావా పాపా?"

కాదన్నాను. ఆమె లేచి లోపలికి నడిచింది. మేమూ వెనకే వెళ్లాం. గోడమీద వాళ్లత్త ఫోటో ముందు నిలబడింది.

"ఇన్యావా అత్తా? నన్ను శానా సోమరిదంటివే. పుట్టుకతోనే నా కీళ్లు వదులంట."

ఎవరమూ నవ్వలేదు. పెద్దమ్మ ముక్కు చీది, బయట బీడీ కాలుస్తున్న పెదనాన్నను పిలిచింది. ఆ పూట సంగటి కెలికే పని ఆయనకు అప్పగించింది. ఆయన కెలికాడు. అంతా ఉండలు కట్టింది. అయినా పెద్దమ్మ రెండు ముద్దలు తిన్నది.