తమ్ముడు తెచ్చిన సీసా నీళ్ళు

ఆమె పని సముద్రపు నీటిలో బతికే సీలియేట్లను గుర్తుపట్టడం. ఒంటినిండా నూగులాంటి కేశాలు ఆడిస్తూ ఈదే ఏకకణ జీవులవి. ఆ నీళ్ళు తెచ్చిపెట్టేది ఆమె సొంత తమ్ముడే. పరిశోధనశాల పడవ నడిపేవాడు. సీసాల బుట్ట బల్లమీద దింపి, ఏదో ఒక చురక అంటించనిదే కదిలేవాడు కాదు.

"అక్కా, నా వలలో చేప పడితే కూరైనా అవుతుంది. నీ చేపలు కంట్లో నలుసుకి కూడా సరిపోవు కదే!"

"వాగుడు ఆపి ఆ మూతలు జాగ్రత్తగా తియ్యి."

ఒకరోజు రాళ్ళగుట్ట వెనక మడుగులోంచి తెచ్చిన నీటిలో ఆమె ఎరగని జీవి కనిపించింది. ఆకులా చదునుగా పాకుతూ, ఉన్నట్టుండి వెనక్కి ఒక గంతు వేసి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు పాకేది. తమ్ముణ్ణి పిలిచి మైక్రోస్కోపులో చూపించింది. అతను కిసుక్కున నవ్వాడు.

"ఇది కొత్తదైతే నా పేరే పెట్టాలి, సరేనా?"

"చూద్దాంలే."

ఆ వారంలోనే, పడవను రేవుకు కడుతూ కాలుజారి, గట్టుకూ పడవకూ మధ్య నలిగి ప్రాణం వదిలాడు.

ఆమె తిరిగి పనిలోకి వచ్చేసరికి సీసాలో ఆ జీవులు బతికే ఉన్నాయి. ఉడికిన బియ్యపు గింజ వేసి, దానిమీద పెరిగే బాక్టీరియాతో వాటిని సాకింది. కొన్నిటికి కేశాలు తేటగా కనబడేలా వెండి లవణంతో రంగు పట్టించి కేశాల వరుసలు లెక్కపెట్టింది. పాత వ్యాసాలు తిరగేస్తుంటే ఒక బొమ్మ దగ్గర చెయ్యి ఆగిపోయింది. అన్నీ తన సీసాలోని జీవి పోలికలే. దీనికి ఒక వరుస మాత్రం తక్కువ.

"ఆ ఒక్క తేడా చాలమ్మా, కొత్తదనే రాద్దాం" అన్నాడు పైఅధికారి, జాలిగా.

ఇంట్లో మరదలు ఆశగా అడిగింది. "వదినా, ఆయన పేరు పెడుతున్నారటగా?"

ఆమె ఆ ఒక్క తేడాతో కొత్తదనడానికి మనసు ఒప్పక, మిగిలిన జీవులన్నిటికీ రంగు పట్టించింది. ఆ రంగు పట్టాలంటే జీవి చావాల్సిందే. లెక్కపెడితే కొన్నిటికి వరుస తక్కువ, కొన్నిటికి పాత బొమ్మలో ఉన్నన్నీ ఉన్నాయి. అంటే ఆ తేడా ఒకే జాతిలో జీవికీ జీవికీ మారేదే; అది కొత్త జాతి కాదు. ఎవరో ఏనాడో పేరు పెట్టేశారు. తమ్ముడు పోయాక గుండెలవిసేలా ఏడ్చింది ఆరోజే.

సంగతి మరదలికి చెప్పింది.

"కొత్తదని రాస్తే ఎవరైనా పట్టుకుంటారా వదినా?"

"పట్టుకోరేమో. నాకు తెలుసు కదమ్మా."

"ఆయన చూసి నవ్విందేదో నాకూ చూపించండి."

పరిశోధనశాలకు తీసుకెళ్ళి స్లైడు చూపించింది.

"గంతులేస్తుందన్నారు. కదలదేం?"

ఆమె మరదలి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. మరదలు ఆ చెయ్యి తీసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇద్దరి మధ్యా మాటలు ముక్తసరిగా సాగాయి. వ్యాసం పాత పేరుతోనే అచ్చయింది. కొత్త పడవవాడు అదే మడుగు నీళ్ళు ఎన్నోసార్లు తెచ్చిపెట్టాడు. ఆ జీవి మళ్ళీ ఆమె కంటపడలేదు.